కొలిమిగొంది రోడ్డుపై ఒకే ఒక గొయ్యి

అన్యాయం ఎవరికి జరిగింది? వైద్యశాఖ జీపు డ్రైవరు కర్రి తవిటయ్యకు. ఏ విధంగా జరిగింది? లేని రోడ్డు మీద, రోడ్డు లేనట్టుగా జీపు నడిపాడన్న నేరానికి అతణ్ణి ఉద్యోగం నుంచి నిలిపివేశారు. ఇది చిన్న అన్యాయం. దీని వెనుక పెద్దది ఇంకొకటి ఉన్నది. కొలిమిగొంది అనే కొండ ఊరికి ప్రభుత్వం మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల తారురోడ్డు బాకీ పడింది. తొమ్మిదేళ్ల కిందట ఆ రోడ్డు వేసేసినట్టు రిజిస్టరులో రాసుకున్నది. రాసుకున్న తరువాత వేయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

తవిటయ్య ఇరవై ఆరేళ్లుగా కొండల్లో జీపు నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదు. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు లోపలికి పెట్టడు. చక్రం రాయికి తగిలి స్టీరింగు ఎదురు తిరిగితే ముందుగా విరిగేవి అవేనని అతనికి తెలుసు. దిగుడులో బ్రేకు జోలికి పోడు. లో గేరు వేసి, బండిని పట్టుకునే పని ఇంజనుకే అప్పగిస్తాడు. ఎక్కలేని మిట్ట ఎదురైతే బండిని పక్కకు తిప్పడు, తిప్పితే దొర్లుతుంది గనుక. వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగుతాడు. ఇంజను శక్తిని వెనుక రెండింటికే కాక నాలుగు చక్రాలకూ అందించే మీటను బురదలోనో ఇసుకలోనో తప్ప ముట్టుకోడు. తారు తగలగానే తీసేస్తాడు. గట్టి నేల మీద ముందు చక్రాలూ వెనుక చక్రాలూ ఒకదానినొకటి గుంజుకుంటే గేరుపెట్టె పాడవుతుందన్న సంగతి అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. గేరుపెట్టే చెప్పింది.

శ్రావణమాసంలో ఒక మంగళవారం ఉదయం కొలిమిగొందిలో సన్నె అనే పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నర్సు ఎస్తేరును వెంటబెట్టుకొని తవిటయ్య జీపులో వెళ్లాడు. తారు అయిపోయిన చోట ఆగి, బురదలో పట్టు దొరికేలా నాలుగు టైర్లలో గాలి తగ్గించి, మీట వేసి ఊరికి చేరాడు. సన్నెనూ, ఆమె అత్త బుద్రమ్మనూ ఎక్కించుకొని తిరుగు దారి పట్టాడు. మధ్యలోని గెడ్డ, వెళ్లేటప్పుడు సన్నగా పారిన కొండవాగు, ఇప్పుడు పొంగి ఉన్నది. తవిటయ్య జీపు ఆపి, పంట్లాం మడిచి, కర్ర పట్టుకొని నీళ్లలోకి దిగాడు.

"బాబాయ్, ఇప్పుడు స్నానమేమిటి! నొప్పులు దగ్గరపడ్డాయి" అని ఎస్తేరు వెనుకనుంచి కేక పెట్టింది.

"నాను నడవనేని నీళ్లలో బండి నడవదమ్మా. తొందరపడితే అందరం ఈ గెడ్డలోనే పురుడు పోసుకోవాల. రెండు నిమిషాలు ఓపిక పట్టు."

గెడ్డ అవతలిదాకా నడిచి, లోతు చూసి, రాళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకొని వచ్చాడు. తరువాత జీపును నీళ్లలోంచి ఒక్క కుదుపు లేకుండా దాటించాడు. ఆ మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లకూ రానూపోనూ కలిపి యాభై రెండు నిమిషాలు పట్టింది. ఆసుపత్రిలో సన్నె ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా క్షేమం.

తవిటయ్యకు దీనికి ప్రతిఫలంగా పది రోజుల తరువాత ఒక మెమో అందింది.

ఇక్కడ జిల్లా వాహన సురక్షా విభాగం ఉప సంచాలకులు చిదంబరేశ్వరరావుగారి గురించి చెప్పాలి. ఆయన చెడ్డవారు కారు. ఏ ఫైలులోనూ అబద్ధం రాసి ఎరుగరు. అలాగే తారు దిగి కూడా ఎరుగరు. ఆ వేసవిలో ఆయన సముద్రపు ఒడ్డున ఉన్న ఒక హోటలులో నాలుగు చక్రాల వాహనాల సురక్షిత చోదనంపై మూడు రోజుల శిక్షణ పొంది, ఒక టోపీతోనూ ఒక సత్యంతోనూ తిరిగి వచ్చారు. రోడ్డు మీద రెండు చక్రాల శక్తి వాడాలి. రోడ్డు దిగితే నాలుగు చక్రాల శక్తి వాడాలి. ఇదీ ఆ సత్యం. ఇందులో తప్పు వెదికినా దొరకదు. తవిటయ్య ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నదీ అదే.

అయితే సత్యం ఒక్క వాక్యంలో ఉంటే కార్యాలయానికి చిన్నతనం. చిదంబరేశ్వరరావుగారు దానిని అరవై నాలుగు పేజీల నియమావళిగా విస్తరింపజేశారు. అందులో మొదటి నియమం ఇది: "రోడ్డు అనగా రోడ్ల రిజిస్టరులో రోడ్డుగా నమోదైయున్నది. నమోదుకాని ప్రదేశము మాత్రమే రోడ్డేతర ప్రదేశముగా పరిగణింపబడును." ఆపై జిల్లాలోని ప్రతి జీపుకూ ఒక నల్ల పెట్టె బిగించారు. మీట ఎప్పుడు వేశారో, ఎక్కడ వేశారో ఆ పెట్టె ఎప్పటికప్పుడు కార్యాలయానికి చెప్పేస్తుంది. డ్రైవరు చెప్పేది వినే ఏర్పాటు మాత్రం ఆ పెట్టెలో లేదు.

విచారణ నాడు చిదంబరేశ్వరరావుగారు టోపీ పెట్టుకొని కూర్చున్నారు. ఆయన కుడి పక్కన రోడ్ల ఇంజనీరు ప్రభాకరం. తొమ్మిదేళ్ల కిందట కొలిమిగొంది రోడ్డును రిజిస్టరులో వేసినవారు వీరే.

"సదరు వాహనము కొలిమిగొంది తారురోడ్డుపై యాభై రెండు నిమిషములపాటు నాలుగు చక్రముల శక్తితో నడిచినట్లు పెట్టె నివేదించుచున్నది. అంగీకరిస్తావా?"

"నడిచిందండి. తారు మీద మాత్రం కాదు బాబూ. అక్కడ తారు నేదు."

"పటములో తారు ఉన్నది."

"పటం మీద నాను నడపనేదండి."

చిదంబరేశ్వరరావుగారు ఇంజనీరు వైపు తిరిగారు. ప్రభాకరం ఒక ఫొటో బల్ల మీద పెట్టాడు. అందులో ఒక రిబ్బను, ఒక కత్తెర, పదకొండుమంది పెద్దమనుషులు, వారి వెనుక ఒక షామియానా ఉన్నాయి.

"రోడ్డు ప్రారంభోత్సవం సార్. స్వయంగా దగ్గరుండి చేయించాను."

"ఇందులో రోడ్డు కనబడదేం?"

"జనం నిలబడ్డారు కదా సార్. కాళ్ల కింద ఉండిపోయింది."

చిదంబరేశ్వరరావుగారికి ఈ సమాధానం సబబుగా తోచింది. "తవిటయ్యా, ఇక్కడ రెండే అవకాశములు గలవు. అక్కడ రోడ్డు ఉన్నదంటే నీవు నియమోల్లంఘన చేసినవాడవు. లేదంటే ఇంజనీరుగారు అసత్యము రాసినవారు. ఒక బాధ్యతగల ఇంజనీరు అసత్యము రాశాడని, ఒక డ్రైవరుగా నీవు అనగలవా?"

"డ్రైవరుగా అననేనండి. గెడ్డలో తడిసిన మనిషిగా అంటాను."

మనిషిగా వాంగ్మూలం ఇవ్వడానికి ఫారం లేదు. తీర్పు ఆ సాయంత్రమే టైపయింది. కర్రి తవిటయ్య విధుల నుంచి నిలిపివేయబడ్డాడు. సురక్షిత చోదనంలో పునఃశిక్షణ పొంది, రోడ్డేతర పరీక్షలోనూ, రోడ్డు పరీక్షలోనూ నెగ్గినట్లయితే తిరిగి చేర్చుకుంటారు. తప్పినట్లయితే శాశ్వతంగా తొలగిస్తారు. రోడ్డు పరీక్ష ఏ రోడ్డుపై జరపాలన్నది కూడా అందులోనే ఉన్నది. నేరం జరిగిన రోడ్డుపైనే, రెండు చక్రాల శక్తితో, గంటకు నలభై కిలోమీటర్ల వేగాన, మొదటినుంచి చివరిదాకా నడపాలి.

ఎస్తేరు ఆ కాగితం చదివి నెత్తి కొట్టుకుంది. "అక్కడ నలభైలో పోతే బండి కాదు బాబాయ్, నువ్వు పోతావు!"

"అదేటి పెద్ద సంగతి కాదమ్మా. పోయినా పాసయినట్టే రాస్తారో, రాయరో అది కనుక్కోవాల" అన్నాడు తవిటయ్య. నవ్వాడు గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇరవై ఆరేళ్లు చేసిన పని అది. మరొక పని అతనికి రాదు. వచ్చినా చేయబుద్ధి కాదు.

ఈలోగా నియమావళిలోని తక్కిన నియమాలు కూడా జిల్లా అంతటా అమలులోకి వచ్చాయి. మీట వేయాలంటే ముందుగా "రోడ్డు అంత్య ధ్రువపత్రం" పొందాలి. అంటే, ఇక్కడితో రోడ్డు ముగిసిందని ఇంజనీరు స్వయంగా వచ్చి సంతకం చేయాలి. రిజిస్టరు ప్రకారం జిల్లాలో రోడ్డు ఎక్కడా ముగియదు గనుక, ప్రభాకరం ఎక్కడికీ రాలేదు. విత్తనాలు పట్టుకొని బయలుదేరిన వ్యవసాయశాఖ జీపు తారు చివర నిలబడి నిలబడి, కోతల సమయానికి తిరిగి వచ్చింది. పశువైద్యుడి జీపు ఒక ఆవు కోసం పన్నెండు రోజులు నిరీక్షించింది. ఆ ఆవు విసుగెత్తి తనంతట తానే కోలుకొని, నడిచి వచ్చి జీపును చూసి పోయింది. వాహన ప్రమాదాలు మాత్రం ఒక్కటి కూడా జరగలేదు. చిదంబరేశ్వరరావుగారికి రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది.

పునఃశిక్షణకు ఒక చిక్కు వచ్చిపడింది. రోడ్డేతర పరీక్ష జరపడానికి రోడ్డుకాని నేల కావాలి. రిజిస్టరు వెదికితే జిల్లాలో అటువంటి నేల మిగలలేదు. కాబట్టి కార్యాలయం వెనుక నలభై సెంట్ల స్థలంలో "ప్రామాణిక బురద ప్రాంగణం" నిర్మించాలని నిర్ణయమయింది. బురద నాణ్యతను నిర్ణయించడానికి సంఘం వేశారు. సంఘంవారు ఎనిమిది చోట్ల నుంచి నమూనాలు తెప్పించి, వేళ్లతో నలిపి, బూట్లతో తొక్కి, అన్నింటిలోకి కొలిమిగొంది దారిలోని బురద శ్రేష్ఠమని ఏకగ్రీవంగా తేల్చారు. వానకు కొట్టుకొచ్చి తారు చివర పేరుకున్న ఆ బురదను పదకొండు లారీలు ఎత్తుకొచ్చి పోశాయి. "కొలిమిగొంది తారురోడ్డు నుండి సేకరించిన మేలురకం బురద" అని బిల్లు మీద ప్రభాకరమే సంతకం చేశాడు. ఆ వాక్యంలో ఆశ్చర్యపడవలసినది ఉన్నదని ఎవరూ గమనించలేదు.

బురద ఎండిపోకుండా రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లడానికి ఇద్దరు అటెండర్లను, చల్లారో లేదో చూడడానికి ఒక సూపర్‌వైజరును నియమించారు. వాన కురిసిన రోజున కూడా గొడుగులు పట్టుకొని చల్లేవారు. వాన నీరు ప్రామాణికం కాదు. ప్రాంగణాన్ని దీపం వెలిగించి ప్రారంభించారు. పేరంటానికి వచ్చినట్టుగా పట్టుచీరలతో వచ్చిన అతిథుల సతీమణులకు బురద అంచున కుర్చీలు వేశారు.

తరగతులను చిదంబరేశ్వరరావుగారే నిర్వహించారు.

"వాహనమునకు చక్రములెన్ని?"

"అయిదండి."

"నాలుగు!"

"స్టెపినీ దారిలో అడివిలో పడిపోతే స్టోరు పుస్తకంలో సంతకం ఎవరు పెడతారు బాబూ? నాను లెక్కలో ఉంచుకుంటాను."

సమాధానాలలో ఇటువంటి అవిధేయత కనబరచినందుకు అరవై నాలుగు పేజీల నియమావళినీ మూడుసార్లు చేతితో రాసుకురమ్మని ఆజ్ఞ అయింది. తవిటయ్య ఇంటి అరుగు మీద కూర్చొని, కళ్లజోడు తాడు చెవికి చుట్టుకొని, ఒక్క కొమ్ముకూడా పోకుండా మూడుసార్లూ రాశాడు. ఈ శిక్ష వల్ల జిల్లా మొత్తం మీద నియమావళిని పూర్తిగా చదివిన రెండో మనిషి అతనే అయ్యాడు. మొదటివారు చిదంబరేశ్వరరావుగారు.

రోడ్డేతర పరీక్షలో అతను ప్రామాణిక బురదను నాలుగు నిమిషాలలో దాటాడు. మళ్లీ చూడవచ్చిన సతీమణుల పట్టుచీరల మీద ఒక్క చుక్క పడలేదు. పరీక్షాధికారులు కొంత నిరాశ చెందారు.

రోడ్డు పరీక్ష భాద్రపదంలో పెట్టారు. సురక్షా వారోత్సవాల ముగింపు గనుక చిదంబరేశ్వరరావుగారు దానికి ఊరేగింపు హంగు కల్పించారు. ముందుగా తవిటయ్య జీపు, అందులో సాక్షిగా ఎస్తేరు. వెనుక హోదా క్రమంలో ఆరు కొత్త జీపులు. పరీక్షనాడు ప్రభాకరానికి జ్వరం వచ్చింది. థర్మామీటరుతో సహా రమ్మని చిదంబరేశ్వరరావుగారు కబురు పంపడంతో అది తగ్గిపోయింది.

తారు చివరిదాకా వచ్చి తవిటయ్య జీపు ఆపాడు. ముందు ఎర్రటి బురద, దాని మధ్య మోకాలి లోతు చాళ్లు, దూరాన గెడ్డ చప్పుడు. అతను దిగి చిదంబరేశ్వరరావుగారి జీపు దగ్గరకు నడిచాడు.

"బాబూ, రెండు చక్రాల మీద నలబైలో పొమ్మంటే పోతాను. సీటుబెల్టు పెట్టుకున్నాను. బండి సాయానికి గొలుసు తెచ్చాను. ఒక్కటే మనవి. కాగితం మీద రాసి ఇవ్వండి, తమరే పొమ్మన్నారని."

"ముందున్నది తారురోడ్డు. తారురోడ్డు మీద పోవుటకు కాగితమెందుకు?"

"తారు తమరికి కనబడతందా బాబూ?"

చిదంబరేశ్వరరావుగారు అద్దంలోంచి చూశారు. తరువాత ఒడిలోని రిజిస్టరు నకలు చూశారు. రెండింటిలో ఏది నమ్మాలన్న ప్రశ్న ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితంలో ఆయనకు ఎన్నడూ ఎదురు కాలేదు. "నీకు ధైర్యము చాలదు. అది శిక్షణలో లోపము. నేనే చేసి చూపిస్తాను" అని తన డ్రైవరును ముందుకు పొమ్మన్నారు.

"సార్, ఇవాళ అమావాస్య" అన్నాడు ప్రభాకరం నీరసంగా.

"రోడ్డు వేసిననాడు తిథి చూశారా?"

"చూశాం సార్. తిథి చూశాం. అంతవరకే చూశాం."

ఆ జీపు రెండు చక్రాల శక్తితో, గంటకు నలభై కిలోమీటర్ల వేగాన బురదలోకి ఉరికింది. మూడు వందల మీటర్ల దాకా ఆ ఊపుతోనే పోయింది. రెండో మలుపులో వెనుక చక్రాలు గిర్రున తిరుగుతూ కిందికి తవ్వుకుపోయాయి. అధికారి వెళ్లిన చోటికి అనుచరులు వెళ్లకపోవడం మర్యాద కాదు గనుక తక్కిన అయిదు జీపులూ హోదా క్రమంలో ఉరికి, హోదా క్రమంలోనే దిగబడ్డాయి. చిన్న ఉద్యోగి జీపు చిట్టచివర, అందరికంటే తక్కువ లోతున నిలిచింది. ఆరు ఇంజన్లు ఏకకంఠంతో రొద చేశాయి. ఆరు జతల వెనుక చక్రాలు బురదను చిమ్మాయి. కొత్త జీపుల తెలుపు రంగు అయిదు నిమిషాలలో ఎక్కడా కనిపించకుండా పోయింది.

ఆ గోలకు కొలిమిగొంది ఊరంతా దిగి వచ్చింది. ముందు బుద్రమ్మ, ఆమె వెనుక డోలీ కర్రలతో మగవాళ్లు. రోగులను మోసి మోసి భుజాలు కాయలు కాసిన మనుషులు వారు.

"ఓలమ్మ! ఇంతమందికి ఒకేపాలి నొప్పులొచ్చీసినాయేటి?" అంది బుద్రమ్మ.

చిదంబరేశ్వరరావుగారు కాలు కింద పెడితే మోకాలిదాకా దిగిపోయింది. బూటు పైకి రాలేదు. చేసేది లేక డోలీలో కూర్చున్నారు. ఆయన్ను మోస్తుంటే టోపీ జారి బురదలో పడింది. ఎవరో తీసి ఆయన కడుపు మీద పెట్టారు. ఆయన తరువాత ప్రభాకరం. అతని బరువుకు నలుగురు చాలక ఆరుగురయ్యారు.

"నేను చూస్తున్నది రోడ్డు. రోడ్డుపై మనుషులు మనుషులను ఎందుకు మోస్తారమ్మా?" అని డోలీలోంచి అడిగారు చిదంబరేశ్వరరావుగారు. అది దర్పంతో అడిగినది కాదు. ఆయనకు నిజంగానే తెలియదు.

"రోడ్డు నేదు గనక బావూ" అంది బుద్రమ్మ. "నా పెనిమిటిని ఈ కర్రకే కట్టి తీసుకెల్లాం. గెడ్డ దాటినాక మరి మోసే పని నేకపోయింది."

చిదంబరేశ్వరరావుగారు కడుపు మీది టోపీని తీసి, తారు చేరేదాకా చేతిలోనే పట్టుకున్నారు.

తారు మీద అందరూ వరసగా నిలబడ్డారు. జిల్లా కేంద్రం నలభై కిలోమీటర్లు. వాన మొదలయింది. ఆరు జీపులనూ బయటకు లాగగల బండి ఒక్కటే ఉన్నది. దాని మీట వేయగల చెయ్యి ఒక్కటే ఉన్నది.

"తవిటయ్యా, వాహనములను పైకి తీయుము."

"చిత్తం బాబూ. లో గేరులో, నాలుగు చక్రాలతో అయితే వస్తాయండి. ఇంజనీరుగారిని అంత్య ధ్రువపత్రం రాయమనండి, ఇక్కడ రోడ్డు నేదని."

అందరి కళ్లూ ప్రభాకరం మీద పడ్డాయి. రోడ్డు లేదని రాస్తే అతను జైలుకు పోవాలి. రాయకపోతే ఈ వానలో ఇక్కడే ఉండిపోవాలి. "నేను వానలో ఉంటాను సార్. నాకు వానంటే చిన్నప్పటినుంచీ ఇష్టం" అన్నాడు.

గంట గడిచింది. ఆరో జీపు కూడా హోదా మరచి లోపలికి దిగబడసాగింది. ఒక అధికారి తుమ్మాడు. మరొకరు భార్యకు ఫోను చేయబోయి సిగ్నలు లేక ఊరుకున్నారు. అప్పుడు తవిటయ్య గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, తమరి పుస్తకంలోనే దారి ఉంది. నలబై ఒకటో నియమం."

చిదంబరేశ్వరరావుగారి ముఖం వికసించింది. తన రచన చదివిన మరొక ప్రాణి ఎదురైన ఆనందంలో ఆయన వాననూ బూటునూ మరచిపోయారు. ఇద్దరూ ఒకే గొంతుతో, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టుగా చదివారు: "రోడ్డుపై గొయ్యి ఏర్పడిన పక్షమున, సదరు గొయ్యి యొక్క పొడవు, వెడల్పు, లోతు ఇంజనీరుచే నమోదు గావించిన మీదట, గొయ్యి పరిధిలో మాత్రమే నాలుగు చక్రముల శక్తిని వినియోగింపవచ్చును."

"గొయ్యా!" ప్రభాకరం ఊపిరి పీల్చుకున్నాడు. గొయ్యి ఉన్నదంటే రోడ్డు ఉన్నట్టే. లేని రోడ్డుకు గొయ్యి ఎలా పడుతుంది? "గొయ్యికి సంతకం పెడతాను సార్! ఎన్నైనా పెడతాను!"

"ఒక్కటి చాలు" అంది ఎస్తేరు, కాగితమూ కలమూ అందిస్తూ. "కొలిచి రాయండి. మొదలు ఇక్కడ, ఈ తారు అంచు. చివర ఎక్కడ?"

"కొలిమిగొంది" అన్నారు ఊరివాళ్లంతా.

ఆ విధంగా ప్రభాకరం తన చేత్తో నమోదు చేశాడు. గొయ్యి ఒకటి. పొడవు మూడు వేల ఎనిమిది వందల మీటర్లు. వెడల్పు, రోడ్డు వెడల్పు ఎంతో అంత. లోతు, ఉప సంచాలకులవారి మోకాలు.

తవిటయ్య టైర్లలో గాలి తగ్గించాడు. గొలుసు తగిలించి, జనాన్ని గొలుసుకు దూరంగా నిలబెట్టాడు; తెగితే కాళ్లు పోతాయని చెప్పాడు. మీట వేసి, తొందర లేకుండా, కుదుపు లేకుండా ఆరు జీపులనూ ఒక్కొక్కటిగా తారు మీదికి లాగాడు. చిన్న ఉద్యోగిది ముందు, ఉప సంచాలకులది చివర. బురద హోదాను తలకిందులు చేసింది.

ప్రభాకరం ఆ పూట హాయిగా నిద్రపోయాడు. అతను నలభై ఒకటో నియమం వరకే విన్నాడు. నలభై రెండో నియమం మరునాడు ఉదయం చిదంబరేశ్వరరావుగారి లేఖలో చదివాడు. "నమోదైన గొయ్యిని ముప్పది దినములలో పూడ్చవలెను. పూడ్చువరకు సంబంధిత ఇంజనీరు ఎర్రజెండాతో సదరు గొయ్యి యొక్క మొదటి అంచునందును, చివరి అంచునందును స్వయముగా నిలబడి వాహనదారులను హెచ్చరించవలెను."

రెండు అంచులకూ మధ్య గెడ్డ ఉన్నది. మొదటి రోజు ప్రభాకరం జెండా పట్టుకొని రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. రెండో రోజు బుద్రమ్మ అతనికి అంబలి పోసింది. "ఏటి బావూ, ఇంజనీరువి నువ్వే మా దారిలో నడుస్తన్నావు. బాగుంటాదా?" అని అడిగింది. మూడో రోజున కంకర లారీలు వచ్చాయి. నాలుగో రోజున రోలరు వచ్చింది. గొయ్యి పూడ్చడమంటే రోడ్డు దాకా పూడ్చాలి. రోడ్డు తారురోడ్డని రిజిస్టరులో ఉన్నది. కాబట్టి తారు పోశారు. గెడ్డ ఉన్న చోట గొయ్యి మరీ లోతుగా ఉన్నందువల్ల అక్కడ పూడిక కింద తూములు పెట్టి కల్వర్టు కట్టవలసి వచ్చింది. ఇరవై ఆరు రోజులలో జిల్లా చరిత్రలోకెల్లా పొడవైన గొయ్యి పూడిపోయింది.

తవిటయ్య మాత్రం ఇంకా ఇంటి వద్దనే ఉన్నాడు. గొయ్యిలో మీట వేయడం తప్పు కాదని పాత అభియోగాన్ని కొట్టివేశారు. కాని రోడ్డు పరీక్ష పూర్తి కాలేదు. పరీక్షలో నెగ్గందే ఉద్యోగం లేదు. కార్తీకంలో మళ్లీ తేదీ పెట్టారు. ఈసారి ఊరేగింపు లేదు. తవిటయ్య పక్కన చిదంబరేశ్వరరావుగారు కూర్చున్నారు. వెనుక ఎస్తేరు, ఆమె పక్కన ప్రభాకరం.

పాత తారు చివర తవిటయ్య కిలోమీటరు అంకెలను సున్నాకు తిప్పాడు. రెండు చక్రాల శక్తి. గంటకు నలభై. మలుపుకు ముందు హారను. జీపు ఎత్తు ఎక్కువ గనుక మలుపులో నియమావళి ప్రకారమే ముప్పై, మళ్లీ నలభై. బడి ముందు కొత్త తారు ముగిసింది. జీపు ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"శుభం! పాసయిపోయాడు సార్. సంతకం పెట్టేయండి" అన్నాడు ప్రభాకరం.

చిదంబరేశ్వరరావుగారు ముందుకు వంగి అంకెలు చూశారు. "మూడు కిలోమీటర్ల ఏడు వందలు చూపుచున్నది. పరీక్షా మార్గము మూడు వేల ఎనిమిది వందలు."

"అంకె మారడానికి కొంచెం తక్కువైంది సార్. నలభై మీటర్లుంటుంది. అటు పైన రాయి అడ్డమొచ్చింది. నలభై మీటర్లకేముంది?"

"పరీక్ష అసంపూర్తి."

తవిటయ్య ఇంజను ఆపాడు. "బాబూ, నా తప్పేటుంది ఇందులో? రోడ్డు ఉన్నకాడికి తోలాను."

"నీ తప్పు లేదు, తవిటయ్యా." చిదంబరేశ్వరరావుగారు రిజిస్టరు నకలు విప్పి ప్రభాకరం ఒడిలో పెట్టారు. ఆయన గొంతులో కోపం లేదు. అది కోపం కంటే భయంకరంగా ఉన్నది. "మీరు రాసినది మూడు వేల ఎనిమిది వందలు. మీరే కొలిచిన గొయ్యి మూడు వేల ఎనిమిది వందలు. మీరు అసత్యము రాయరని ఈ డ్రైవరు ఎదుట నేను ఒకనాడు హామీ పడియున్నాను. నన్ను అసత్యవాదిని చేయకండి. మేము ఇక్కడే కూర్చుంటాము."

నలభై మీటర్లలో ఒక బండ, ఒక చింతదుంగ, బుద్రమ్మ కోళ్లగూడు ఉన్నాయి. బండను పగలగొట్టారు. దుంగను దొర్లించారు. కోళ్లగూడును బుద్రమ్మ తన చేత్తోనే పక్కకు జరిపింది. నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ చిదంబరేశ్వరరావుగారు పగలంతా బడి వరండాలో కూర్చొని రిజిస్టరులోని తక్కిన రోడ్ల పేర్లను ఒక్కొక్కటిగా ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తులు చూసిన ప్రభాకరానికి నిజంగానే జ్వరం వచ్చింది.

అయిదో రోజు ఉదయం తారు ఆరింది. తవిటయ్య మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. బడి దాటాడు. బండ ఉన్న చోటు దాటాడు. తారు అంచు ఎక్కడ ముగిసిందో అక్కడ బుద్రమ్మ గుమ్మం ఉన్నది. ఆమె గుమ్మంలో మనవరాలిని ఎత్తుకొని నిలబడి ఉన్నది.

జీపు ముందు చక్రాలు అంచును తాకి ఆగినప్పుడు ఏడు అంకె మెల్లగా పైకి జరిగి, దాని కింద నుంచి ఎనిమిది వచ్చింది. చిదంబరేశ్వరరావుగారు జేబులోంచి కలం తీసి, తవిటయ్య కాగితం మీద "ఉత్తీర్ణుడు" అని రాశారు. తరువాత రిజిస్టరు తీసి, తొమ్మిదేళ్లుగా అబద్ధమై పడి ఉన్న పంక్తిలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా, దాని పక్కన ఆనాటి తేదీ వేశారు.